మగ్గానికి గంజి, మనిషికి సంగటి

చేనేత చరిత్ర రాసేవాళ్ళు నూలు నంబరు రాస్తారు, చీర ధర రాస్తారు, సొసైటీ ఎప్పుడు పెట్టారో రాస్తారు. ఆ మగ్గం మీద కూర్చున్న మనిషి పొద్దున ఏం తిని కూర్చున్నాడో రాసేవాళ్ళు తక్కువ. తిరుత్తణి, పళ్ళిపట్టు, పొదటూరుపేట, అమ్మయ్యార్‌కుప్పం వైపు మన ఇండ్లలో చేతిలో డబ్బు తగ్గినప్పుడు ఏది మానేశారు, ఏది మానలేదు అన్నది కూడా చరిత్రే.

నేత ఇంట్లో తిండి లెక్క మనిషితో మొదలు కాదు, మగ్గంతో మొదలు. గంజి పట్టిన పడుగు తయారుగా చేతికి రాకముందు, తెల్లారకముందే వీధిలో పడుగు చాచి ఇంటిల్లిపాదీ గంజి పట్టేవాళ్ళు. అది బియ్యపు గంజి, కొన్నిచోట్ల రాగి గంజి. పోగు మెత్తబడడానికి అందులో కాస్త నువ్వుల నూనో, చెనిక్కాయల నూనో కలిపేవాళ్ళు. అంటే ఇంట్లో ఉన్న గింజల్లో, నూనెలో మొదటి వాటా పడుగుదే. గంజి సరిగా పట్టకపోతే పోగు తెగుతుంది, పోగు తెగితే ఆనాటి కూలి పోతుంది. పస్తున్న ఇంట్లో కూడా పడుగుకి గంజి కాచేవాళ్ళంటే వినేవాళ్ళకి వింతగా ఉంటుంది. మనకి వింత కాదు.

1876-78 కరువు మద్రాసు రాజధానినంతా ఊపేసింది. కరువులో జనం మొదట మానేసేది కొత్త బట్ట. కాబట్టి పొలం ఎండినవాడితో పాటే నేసేవాడూ వీధిన పడ్డాడు. ఆ రోజుల్లో కరువు పనులకు పోయిన మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా చాలని సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర నిర్ణయించాడు. ఖజానా మీద భారం పడకూడదన్నది ఆయన లెక్క. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దానికి అడ్డం తిరిగాడు. కష్టం చేసే ఒంటికి కనీసం పౌనున్నర గింజలు కావాలి, వట్టి గింజలే కాదు, పప్పూ కూరగాయలూ కావాలి అన్నాడు. 1877లో కూలిని కొంచెం పెంచారు కానీ కార్నిష్ అడిగినంత పెంచలేదు. బొంబాయి రాజధానిలోనైతే కూలి తగ్గించారని జనం కరువు పనులనే వదిలేసి వెళ్ళిపోయారు. ఆకలితో ఉన్నవాళ్ళు కూడా ఇంతకంటే దిగం అని గీత గీశారు!

సర్కారు లెక్కకీ ఇంటి లెక్కకీ తేడా అక్కడే ఉంది. ఎంత తక్కువ పెడితే మనిషి చావకుండా ఉంటాడు అని సర్కారు చూసింది. ఏది లేకపోతే రేపు పనిలో కూర్చోలేం అని ఇల్లు చూసింది.

రెండో ప్రపంచ యుద్ధంలో 1942లో బర్మా పోయింది, బర్మా బియ్యం ఆగిపోయింది. మరుసటి ఏడు మద్రాసు నగరంలో రేషను వచ్చింది, అదే 1943లో నూలు మీద, బట్ట మీద కూడా కంట్రోలు వచ్చింది. బియ్యానికీ కార్డు, నూలుకీ పర్మిటు. ఒకే చేటలోని గింజల కోసం పిల్లల కడుపూ పడుగూ పోటీ పడ్డ రోజులవి. 1952లో రాజాజీ తిండిగింజల కంట్రోళ్ళు ఎత్తేశారు. అదే సమయంలో నేసిన బట్టకి గిరాకీ పడిపోయి చేనేత కుంగింది. చీర, పంచె చేనేతకే వదిలిపెట్టాలని రాజాజీ కేంద్రాన్ని అడిగారు. 1953లో అన్నాదురై చేనేత బట్టల మూట పట్టుకొని వీధుల్లో అమ్మారు. రాజకీయంలో చెరొక పక్క ఉన్న ఈ ఇద్దరికీ మన మగ్గం గుంత మాత్రం ఒకేలా కనపడింది.

అప్పటికి తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అత్తగారిల్లు నగరిలో, పుట్టిల్లు తిరుత్తణిలో ఉన్న ఆడవాళ్ళకి రెండు సర్కార్ల రేషనూ తెలుసు. ఇక్కడ 1967 ఎన్నికల్లో రూపాయికి పడి బియ్యం మాట మోగింది. అక్కడ 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చారు. ఇక్కడ 2008లో కిలో ఒక రూపాయి అయింది, 2011లో ఉచితం అయింది. రెండు పక్కలా తెల్లబియ్యం ఇంట్లోకి వచ్చేకొద్దీ రాగులు వెనక్కి జరిగాయి. మంచిదేనా అంటే, ఆకలి తగ్గింది కాబట్టి మంచిదే. సంగటి పోయింది కాబట్టి పూర్తిగా మంచిది అనలేం.

ఇక మానుకోనివి. కొనే కూరగాయ మానేస్తారు, పెరట్లో మునగాకు, గట్టుమీది ఆకు తెచ్చి పులగూర చేస్తారు. పాలు తగ్గిస్తారు. మాంసం తినే ఇళ్ళలో మాంసం పండగకే. దాని బదులు కరవాడు. మన జిల్లా తూర్పు కొసన కాట్టుపల్లి, పళవేర్కాడు సముద్రతీరం కదా, ఎండుచేప ఒక ముక్క చాలు, కుండెడు సంగటి దిగిపోతుంది. తినని ఇళ్ళలో ఆ పని ఊరిబిండి చేస్తుంది. చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు ఉంటే చాలు. కారం, పులుపు, ఉప్పు మాత్రం తగ్గించరు. చప్పటి కూడు ఎవరికి దిగుతుంది? పొద్దున సద్ది గానీ అంబలి గానీ మానరు. గుంతలో కాళ్ళు పెట్టి పొద్దు వాలేదాకా తొక్కాలంటే కడుపులో బరువుండాలి.

ఇంకొకటి టీ. ఇది పాత అలవాటేం కాదు. 1930ల్లో టీ కంపెనీల ప్రచార బోర్డు ఊరూరా కాచి రుచి చూపించి అలవాటు చేసింది. దుబారా అని పెద్దలు తిట్టారు. అయినా పోలేదు. పది గంటలకు మగ్గం ఆపి వీధిలోకి వచ్చి నలుగురితో మాట్లాడే వీలు టీతోనే కదా వచ్చేది. ఆడికృత్తికకి కొండెక్కి వచ్చాక ఇంట్లో పాయసం, గంగమ్మకి పోసే అంబలి, ఇంటికొచ్చిన చుట్టానికి పెట్టే అన్నం, వీటికి అప్పయినా చేస్తారు.

అప్పు అంటే అంగడి. సరుకు అప్పుకి తెచ్చుకునేవాడు తూకం తక్కువైనా, కల్తీ ఉన్నా నోరెత్తలేడు. ఇంగ్లండులో రాచ్‌డేల్ అనే నేతపని ఊళ్ళో 28 మంది కలిసి 1844 డిసెంబరు 21న సొంత అంగడి తెరిచారు. వాళ్ళలో చాలామంది నేతపనివాళ్ళు. మొదటి రోజు అమ్మింది వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్ల పిండి, కొవ్వొత్తులు. అవీ వాళ్ళు మానుకోనివే. అప్పు లేదు, కల్తీ లేదు. ఆ బాటలోనే 1904లో మద్రాసు ట్రిప్లికేన్‌లో సహకార భండారం పుట్టింది. నేతవాళ్ళ బట్ట అమ్మడానికి కో-ఆప్టెక్స్ 1935లో వచ్చింది.

కార్నిష్ అడిగిన పప్పు రేషను అంగడికి మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 2007లో తమిళనాడు రేషను అంగళ్ళలో కందిపప్పు, మినప్పప్పు, పామాయిల్ తక్కువ ధరకి ఇవ్వడం మొదలైంది. 1877 నుంచి లెక్కేస్తే 130 ఏళ్ళు.

ఇంత చెప్పాక, ఇల్లు మానుకోలేదు అంటే ఎవరి గిన్నెలో మానుకోలేదు అని కూడా చూడాలి. నేసేవాడికి సంగటి ముద్ద, పిల్లలకి పప్పు, చుట్టానికి అన్నం, పడుగుకి గంజి. కండెలు చుట్టి, గంజి కాచి, వంట చేసిన ఆడమనిషికి మిగిలేది అడుగున ఉన్నది. అందరి కోతా కలిపి ఆమె గిన్నెలోనే పడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాడు ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తం తక్కువగా ఉన్నవాళ్ళే. మన సంఘం ఎప్పుడైనా నేత కుటుంబాల ఖర్చు లెక్క తీస్తే, ఇంటికి ఎన్ని కిలోలు వచ్చాయి అన్న గడి పక్కన, చివర ఎవరు తిన్నారు, ఏం తిన్నారు అన్న గడి ఇంకొకటి పెట్టాలి. దానికి జవాబు వంటింట్లో ఉన్న మనిషినే అడగాలి.