గార్సియా: రాజుల పేరు జనం ఇంటిపేరైన వైనం

స్పెయిన్ జాతీయ గణాంక సంస్థ ఇంటిపేర్ల పట్టికలో మొట్టమొదటి పేరు గార్సియా. ఆ దేశంలో ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లుంటాయి. మొదటి ఇంటిపేరు గార్సియా అయినవాళ్ళు 14 లక్షల పైమాటే, అంటే ఇంచుమించు నూటికి ముగ్గురు. రెండో ఇంటిపేరుగా ఉన్నవాళ్ళు దాదాపు మరో అంతమంది. అమ్మానాన్నలిద్దరూ ఆ పేరువాళ్ళే కావడంతో ‘గార్సియా గార్సియా’ అయినవాళ్ళు కూడా వేలల్లో ఉన్నారు. మన దగ్గర ఇంటిపేరు కలిస్తే పెళ్ళి సంబంధానికి వెనకాడతారు. స్పెయిన్‌లో ఆ పట్టింపు లేదు. ఎందుకంటే ఈ లక్షల మందికి మూలపురుషుడు ఒకడు కాదు. గార్సియా అన్నంత మాత్రాన ఎవరి రక్తం ఏదో తెలియదు. ఎవరు ఎవరిని పాలించారో, ఏ తండ్రి ఏ బిడ్డను ఒప్పుకున్నాడో, ఎవరి పేరును ఏ గుమస్తా ఎలా రాశాడో మాత్రం ఆ పేరు వెంట నడిస్తే తెలుస్తుంది.

దీని పుట్టిల్లు పిరనీస్ పర్వతాల పడమటి పాదాల దగ్గరి బాస్క్ ప్రాంతం. బాస్క్ భాషకు లాటిన్‌తో చుట్టరికం లేదు, రోమన్లు రాకముందు నుంచీ ఉన్నది. మధ్యయుగపు లాటిన్ పత్రాల్లో ఈ పేరు గర్సేయా, గర్సియాస్ అన్న రూపాల్లో కనిపిస్తుంది. అర్థం మీద రెండు వాదాలున్నాయి. బాస్క్‌లో ఎలుగుబంటిని ‘హార్ట్స్’ అంటారు, పేరు అందులోంచి వచ్చిందని ఒక వాదం. యువకుడు అనే అర్థమున్న ‘గాస్తే’ నుంచి వచ్చిందని రెండోది. జనంలో బాగా పాకింది ఎలుగుబంటి కథే. కొండజాతి వీరుడికి ఆ పోలిక నప్పుతుంది కాబట్టి పాకిందని నా ఉద్దేశం. రెండింటిలో దేన్నీ తిరుగులేని సాక్ష్యంతో నిరూపించలేదు.

మొదట్లో ఇది ఇంటిపేరు కాదు, మనిషి పేరు. అదీ రాజుల ఇళ్ళలో. 9వ శతాబ్దంలో పాంప్లోనా రాజ్యాన్ని గార్సియా ఇన్యిగెజ్ ఏలాడు. ఇన్యిగో కొడుకు గార్సియా అని ఆ పేరుకు అర్థం. 10వ శతాబ్దంలో అక్కడే గార్సియా సాంచెజ్, అంటే సాంచో కొడుకు, రాజయ్యాడు. అదే పేరుగల మరో పాంప్లోనా రాజు 1054లో సొంత తమ్ముడితో అతపుఎర్కా దగ్గర జరిగిన యుద్ధంలో ప్రాణం వదిలాడు. గలీసియా రాజు గార్సియాది ఇంకా జాలిగొలిపే కథ. అన్నలిద్దరూ కలిసి అతని రాజ్యం లాక్కున్నారు. చివరికి వాళ్ళలో ఒకడైన ఆరో అల్ఫోన్సో అతన్ని 1073లో చెరలో వేస్తే, 1090లో చనిపోయేదాకా బయటి వెలుగు చూడలేదు.

స్పెయిన్‌లో తండ్రి పేరుకు ‘ఎజ్’ చేర్చితే కొడుకు రెండో పేరు తయారయ్యేది. రొద్రీగో కొడుకు రొద్రీగెజ్, ఫెర్నాందో కొడుకు ఫెర్నాందెజ్. గార్సియాకు కూడా ‘గార్సేస్’ అనే రూపం వచ్చింది. కానీ తండ్రి పేరును ఏ మార్పూ లేకుండా తగిలించుకున్నవాళ్ళే ఎక్కువ. అందుకే స్పెయిన్‌లో మొదటి వరసలో నిలిచే ఇంటిపేర్లలో దాదాపు అన్నిటికీ ‘ఎజ్’ తోక ఉన్నా, వాటన్నిటికీ పైనున్న దీనికి లేదు. రాజు పేరును ప్రభువులు, ప్రభువుల పేరును రైతులు తమ పిల్లలకు పెట్టుకున్నారు. తరానికొకసారి మారే ఆ రెండో పేరు క్రమంగా కదలకుండా నిలిచిపోయింది. 1563లో ట్రెంట్ మతసభ ప్రతి చర్చిలోనూ బాప్తిస్మాల, పెళ్ళిళ్ళ పుస్తకాలు రాయాలని శాసించాక ఆ స్థిరత్వం మరీ గట్టిపడింది. ఒత్తిడి మీద క్రైస్తవంలోకి మారిన యూదులు, ముస్లింలు కూడా ఊళ్ళో అందరికీ ఉన్న పేర్లనే తీసుకున్నారు. బాప్తిస్మానికి సాక్షిగా నిలిచిన జ్ఞానపిత పేరో, పక్కింటివాళ్ళ పేరో వాళ్ళదైంది. స్పెయిన్ దుకాణాల్లో ‘గార్సియా వంశచిహ్నం’ అంటూ అమ్మే డాళ్ళ బొమ్మలను కొనేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ డాలు ఏదో ఒక్క కుటుంబానిది. మిగతా లక్షల గార్సియాలకు దానితో పని లేదు.

సముద్రం దాటాక ఈ పేరు కథ మరింత చిక్కనైంది. పెరూలోని కుస్కోలో 1539లో ఒక పిల్లవాడు పుట్టాడు. తండ్రి స్పానిష్ సేనాని సెబాస్తియన్ గార్సిలాసో దె ల వేగా. గార్సియా, లాసో అనే రెండు పేర్లు అతికితే గార్సిలాసో. తల్లి చింపు ఓక్యో, ‘ఇంకా’ల రాజవంశపు స్త్రీ. ఆ ఇద్దరికీ పెళ్ళి కాలేదు. సేనాని తర్వాత ఒక స్పానిష్ స్త్రీని పెళ్ళాడాడు. పిల్లవాడికి బాప్తిస్మంలో గోమెజ్ స్వారెజ్ దె ఫిగెరోవా అని తండ్రి బంధువుల పేరే పెట్టారు. తండ్రి పోయాక, 1560లో స్పెయిన్ వెళ్ళి ఆయన సేవలకు ప్రతిఫలం ఇమ్మని ఆస్థానాన్ని అడిగాడు. తిరుగుబాటుదారు గొన్సాలో పిసారోకు యుద్ధంలో నీ తండ్రి తన గుర్రమిచ్చి ఆదుకున్నాడు, పొమ్మన్నారు. ఆ పరాభవం తర్వాత ఆ యువకుడు, ఎవరి పేరు మీద మచ్చ వేశారో ఆ తండ్రి పేరునే తీసుకుని గార్సిలాసో దె ల వేగా అయ్యాడు. ముందు ‘ఇంకా’ అని చేర్చి తల్లి జాతినీ నిలబెట్టాడు. 1609లో లిస్బన్‌లో అచ్చయిన ఆయన ‘కొమెంతారియోస్ రెయాలెస్’ ఇంకాల చరిత్రకు మూలగ్రంథాల్లో ఒకటి. ఒక్క పేరులో ఇంత ధిక్కారం, ఇంత ప్రేమ ఇమిడిన సందర్భం నాకు మరొకటి తోచదు.

ఫిలిప్పీన్స్‌లో జరిగింది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అక్కడి జనానికి స్థిరమైన ఇంటిపేరు లేక, ఉన్నా ‘దె ల క్రూస్’, ‘దె లోస్ సాంతోస్’ వంటి కొద్ది పేర్లే అందరూ పెట్టుకోవడంతో పన్నుల లెక్క కుదరడం లేదని స్పానిష్ గవర్నర్ నార్సీసో క్లావెరియా 1849 నవంబర్‌లో ఉత్తర్వు జారీచేశాడు. వేలకొద్దీ పేర్లను అక్షరక్రమంలో అచ్చువేసి, ఆ జాబితా పేజీలు ఊళ్ళకు పంచారు. కొన్ని ఊళ్ళలో అందరి పేర్లూ ఒకే అక్షరంతో మొదలవడానికి కారణం అదే. అక్కడి గార్సియాలకు స్పెయిన్‌తో రక్తబంధం ఉండాల్సిన అవసరమేమీ లేదు. 1957 నుంచి 1961 దాకా ఆ దేశాధ్యక్షుడి పేరు కూడా కార్లోస్ గార్సియాయే.

అమెరికాలో 2000 జనగణనలో గార్సియా ఎనిమిదో స్థానంలోకి వచ్చింది. 2010 నాటికి 11,66,120 మందితో ఆరో స్థానానికి ఎక్కింది. కానీ ఆ పేరుకు గౌరవం అంత తేలిగ్గా దొరకలేదు. మెక్సికోలో పుట్టి, టెక్సస్‌లో పత్తి ఏరి, సైన్యంలో చేరి జర్మనీలో పోరాడిన మకారియో గార్సియాకు 1945 ఆగస్టులో అధ్యక్షుడు ట్రూమన్ స్వయంగా అత్యున్నత సైనిక పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ మెడలో వేశాడు. కొద్ది వారాలకే టెక్సస్‌లోని ఒక హోటల్లో, మెక్సికన్‌వి కాబట్టి నీకు వడ్డించం అన్నారు.

మళ్ళీ స్పెయిన్‌కు వస్తే, అక్కడి పేర్ల పద్ధతిలో మెచ్చుకోదగ్గది, పెళ్ళయినా ఆడవాళ్ళ ఇంటిపేరు మారకపోవడం. బిడ్డకు తండ్రి పేరూ తల్లి పేరూ రెండూ దక్కుతాయి. 1871 నుంచి అమలైన పౌర రిజిస్ట్రేషన్ చట్టం దీన్ని దేశమంతటా స్థిరపరచింది. తండ్రిదే ముందుండాలన్న నియమాన్ని 1999 చట్టం సడలించింది. 2017 నుంచి ఏది ముందో తల్లిదండ్రులు తేల్చుకోవాలి, వాళ్ళు తేల్చకపోతే అధికారి తేలుస్తాడు.

తెలుగు పాఠకులకు బాగా దగ్గరైన గార్సియా, ‘వందేళ్ళ ఏకాంతం’ రాసిన కొలంబియా రచయిత గాబ్రియేల్. ఆయన తండ్రి గాబ్రియేల్ ఎలీహియో పెళ్ళికాని తల్లికి పుట్టాడు. కన్నతండ్రి ఇంటిపేరు మార్తీనెస్. ఆ పేరు బిడ్డకు రాలేదు, తల్లి ఆర్హెమీరా గార్సియా పేరే నిలిచింది. అలా ఒక ఒంటరి తల్లి పేరు ప్రపంచ సాహిత్యంలోకెక్కింది. ‘మార్కెస్’ రచయిత తల్లి వైపు ఇంటిపేరు. దాన్నొక్కదాన్నే పట్టుకుని మన వ్యాసాల్లో, పుస్తకాల అట్టల మీద ‘మార్క్వెజ్’ అని పిలుస్తూ వచ్చాం. కవి గార్సియా లోర్కాను స్పెయిన్ వాళ్ళే లోర్కా అంటారు కనుక అది చెల్లుతుంది. ఈయన్ని మాత్రం స్పానిష్ లోకం గార్సియా మార్కెస్ అనే అంటుంది. మన సంపాదకులూ అనువాదకులూ గ్రంథాలయాల వాళ్ళూ ఇకనైనా ఆ రెండు పేర్లూ కలిపే రాయాలి, అకారాది సూచికల్లో ఆయన్ని ‘గ’ కింద చేర్చాలి.