దొమ్మ రోగం: నేల మరచిపోని చరిత్ర

రాజులకు, యుద్ధాలకు చరిత్ర ఉన్నట్టే రోగాలకూ ఉంటుంది. మన పశువులకొచ్చే దొమ్మ రోగం అలాంటిదే. వైద్యులు దీన్ని ఆంత్రాక్స్ అంటారు. గ్రీకు భాషలో ఆ మాటకు బొగ్గు అని అర్థం. మనిషి చర్మానికి సోకితే నొప్పిలేని పుండు లేచి, మధ్యలో బొగ్గులా నల్లని చెక్కు కడుతుంది.

1876లో జర్మనీలో పల్లె వైద్యుడైన రాబర్ట్ కోక్ ఈ రోగానికి కారణం ఒక బాక్టీరియా అని, అది సిద్ధబీజాలుగా మారి మట్టిలో చాలాకాలం బతుకుతుందని నిరూపించాడు. ఫ్రాన్సు రైతులు కొన్ని పొలాలకు శాపం తగిలిందనేవారు. అక్కడ మేసిన గొర్రెలు చచ్చిపోయేవి. లూయీ పాశ్చర్ పరిశీలిస్తే అవి రోగంతో చచ్చిన పశువులను పాతిన చోట్లని తేలింది. బీజాలను వానపాములు పైకి తెస్తున్నాయని ఆయన చెప్పాడు. రైతులకు కారణం తెలియదు కానీ చోటు తెలుసు. 1881లో పాశ్చర్ అందరి ఎదుట టీకాను పరీక్షించాడు. టీకా వేయని 24 గొర్రెలూ చనిపోయాయి. వేసినవాటిలో ఒక్కటి తప్ప అన్నీ బతికాయి. 1937లో దక్షిణాఫ్రికాలో మాక్స్ స్టెర్న్ ఇంకా మెరుగైన టీకా తయారుచేశాడు.

అయినా 2016లో అరకు ప్రాంతంలో మన ఆదివాసులకు ఆంత్రాక్స్ సోకింది. అదే ఏడాది సైబీరియాలోని యమల్‌లో నేనెత్స్ ఆదివాసుల రెయిన్‌డీర్లు రెండు వేలకు పైగా చనిపోయాయి. పన్నెండేళ్ల బాలుడూ చనిపోయాడు. అక్కడ 2007లో టీకాలు ఆపేశారు. ఆ వేసవి ఎండలకు గడ్డకట్టిన నేల కరిగి పాత బీజాలు బయటపడ్డాయని నిపుణులు చెప్పారు.

చచ్చిన పశువును తింటారని మనల్ని ఎగతాళి చేసేవారున్నారు. ఎద్దు చస్తే ఆ ఇంటికి దుక్కి పోతుంది, అప్పు మిగులుతుంది. ఆ మాంసమైనా దక్కాలనుకోవడం ఆకలి, అజ్ఞానం కాదు. కానీ ప్రమాదం మాత్రం నిజం. పశువు ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచో నోటి నుంచో గడ్డకట్టని నల్లని రక్తం కారితే దాన్ని కోయకూడదు. కోస్తే గాలి తగిలి బీజాలు పుడతాయి. మామూలు వంటకు అవి చావవు. కుక్కలు ఈడ్చుకుపోతే ఊరంతా చల్లినట్టే. అందుకే కాల్చాలి, లేదా లోతుగా పాతి కంచె వేయాలి. నల్లని పుండు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. త్వరగా వెళితే మందులతో నయమవుతుంది.

ఉపాధ్యాయ మిత్రులకు, యువతకు ఒక మాట. ఏయే చోట పశువులు గుంపుగా చచ్చాయో, ఎక్కడ పాతారో మన పెద్దలకు గుర్తుంది. పిల్లలతో అడిగించి ఊరి పటంలో ఆ చోట్లు గుర్తు పెట్టించండి. ఆ పటం చూపించి ఏటా వానలకు ముందే టీకాలు వేయమని పశువైద్య సిబ్బందిని అడగండి. పెద్దలు వెళ్లిపోతే ఆ జ్ఞాపకం పోతుంది. బీజాలు మాత్రం మట్టిలోనే ఉంటాయి.