బొమ్మ ఎలా ఉంది?

మార్నింగ్ షో చూసి బయటికొచ్చేవాళ్లను గేటు దగ్గరే అడుగుతారు: “బొమ్మ ఎలా ఉంది?” పిల్లలు ఆడుకునేదీ, కాగితం మీద గీసేదీ, తెరమీద కదిలేదీ తెలుగులో బొమ్మే. తోలుబొమ్మలాటలో దీపం వెలుగుకు తెరపై రంగురంగుల నీడలు కదిలేవి. ప్రొజెక్టర్ వెలుగులో కదిలేదానికీ అదే పేరు చెల్లింది. ‘బొమ్మ పడింది’ అంటే షో మొదలైందని. మొదటి ఆట, రెండో ఆట, వంద రోజులు ఆడింది... అన్నీ ఆటే!

నచ్చితే “బొమ్మ బ్లాక్‌బస్టర్”. ఆ ఇంగ్లిషు మాట రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ విమానాలు వేసిన భారీ బాంబుల పేరు. 1940లలోనే హాలీవుడ్ ప్రకటనలకెక్కింది. నాకైతే మూడుంపావు రేటింగుల కన్నా “ఒకసారి చూడొచ్చు” అన్న మాటమీదే గురి. అలా అన్నవాళ్లు సెకండాఫ్ ఎక్కడ సాగిందో, ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చో లేదో కూడా చెబుతారు.