ఎండకు తగ్గించిన మందు

1898లో లండన్‌లోని జాన్ రిగ్బీ కంపెనీ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటా తెచ్చింది. గుండు 480 గ్రెయిన్లు, కార్డైట్ మందు 70 గ్రెయిన్లు. ఇప్పటి పది గ్రాముల తులంలో చూస్తే గుండు మూడు తులాల పైచిలుకు, మందు అర తులం కూడా లేదు!

ఇంగ్లండు చలికి సరిపోయిన ఆ కొలత మన ఎండలకు ఎక్కువైంది. వేడికి ఒత్తిడి పెరిగి, పేలిన ఇత్తడి డొప్ప తుపాకీలోనే బిగుసుకుపోయేది. ఎదురుగా గాయపడ్డ అడవిదున్న ఉంటే ఇక అంతే. నాకైతే వేసవిలో గిన్నె దాటి పొంగే ఇడ్లీపిండే గుర్తొచ్చింది. అందుకే వేడి దేశాలకు మందు తగ్గించిన తూటాలు వేరుగా చేసేవారు.

1960ల్లో కైనాక్ కంపెనీ వీటిని ఆపేశాక, పాత తుపాకులున్నవాళ్లు ఖాళీ డొప్పల్లో తామే మందు కూరుకోవాల్సి వచ్చింది. జంట గొట్టాల తుపాకీతో మరీ కష్టం. రెండు గుండ్లూ ఒకేచోట తగిలేలా ఆ గొట్టాలను పాత కార్డైట్ కొలతకే అమర్చారు. కొలత మారిందా, గుండ్లు చెరో దిక్కు.