గ్రంథాలయపు గడప త్రొక్కినవారు

గ్రంథాలయముల చరిత్ర వ్రాయువారు సామాన్యముగా మూడు విషయములను ముచ్చటింతురు: స్థాపించినవా రెవ్వరు, భవనమునకు శంకుస్థాపన చేసినవా రెవ్వరు, బీరువాలలో నున్న గ్రంథము లెన్ని. ఇవి తెలియవలసినవే. కాని గోపురమెంత యెత్తో చెప్పి భక్తుల మాట విడిచిన దేవాలయ చరిత్ర యెట్లుండునో, చదువరుల మాట విడిచిన గ్రంథాలయ చరిత్రయు నట్లే యుండును. కావున నేడు నేను మనవి చేయదలచినది ఆ గడప త్రొక్కి లోనికి వచ్చినవారిని గూర్చి.

పూర్వము మనకు పుస్తకములు లేకపోలేదు. తంజావూరి సరస్వతీమహలు వంటి రాజభాండాగారము లుండెను. పండితుల యిండ్ల తాటాకు కట్ట లుండెను. కాని వానిని చూచుటకు సామాన్యునకు వీలు లేకుండెను. తాళపత్ర గ్రంథము ముగించిన లేఖకుడు, నూనెనుండి, నీటినుండి, వదులైన కట్టునుండి తన్ను కాపాడుమనియు, మూఢుని చేతికి ఈయవద్దనియు పుస్తకమే మొరపెట్టుకొనునట్లు చివర వ్రాయుట మన దేశాచారము. పరుల చేతికి పోయిన పుస్తకము పోయినట్లే యని పెద్దలు చెప్పుచుండిరి. నేను కావ్యములు చదువుకొన్న గురువుగారి యింట తాటాకు కట్టలు ఎఱ్ఱని గుడ్డలో చుట్టబడి అటుకపై నుండెడివి. సరస్వతీపూజనాడు క్రిందికి దిగి, పసుపు కుంకుమల నందుకొని, మరల పైకెక్కెడివి. ఇందుకు పూర్వులను తప్పు పట్టరాదు. ఒక్క ప్రతి వ్రాయుటకు నెలలు పట్టిన కాలమున ఆ భయము న్యాయమైనదే. సామాన్యునకు విద్య చెవిద్వారముననే చేరుచుండెను. రచ్చబండకడ పురాణ కాలక్షేపము, రాత్రివేళ హరికథ, ఇవియే వాని గ్రంథాలయములు.

ఆ భయమును విడిచి, ముక్కు మొగము తెలియని వాని చేతిలో పుస్తకము పెట్టి, చదివి తెచ్చి ఇమ్మని పంపుట సామాన్యమైన మార్పు కాదు. తెలుగునాట ఆ మార్పునకు ముఖ్యమైన గుర్తు 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీ. ఆనాడు హైదరాబాదు రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారును, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారును దానికి ప్రాణము పోసినవారిలో ముఖ్యులు. ఆ రాజ్యమున రాజభాష ఉర్దూ. కచ్చేరీలోను, బడిలోను తెలుగునకు చోటు తక్కువ. తెలుగు నేర్చిన గుమాస్తా తన భాషలో ఒక పత్రికను చూడగోరిన నెక్కడికి పోగలడు? అట్టివానికి ఆ నిలయము పుట్టినిల్లయ్యెను. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికిందరాబాదునందు ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయమును పుట్టెను. పీట వేసినంతనే చాలదు, వడ్డనయు కావలెను గదా! 1906లో లక్ష్మణరావుగారు మిత్రులతో గూడి విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి చరిత్ర గ్రంథములను, శాస్త్ర గ్రంథములను తెలుగున వెలువరించిరి. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాం లింకను చరిత్రము అం దగ్రగామి. ఆ సంస్థానమున సభ జరుపవలెనన్న ప్రభుత్వానుమతి కావలసిన దినములు వచ్చినప్పుడు, నలుగురు కూడి పత్రిక చదువుకొనుటకు గ్రంథాలయమే నీడయయ్యెను.

కోస్తా జిల్లాలలో ఈ యుద్యమమునకు పట్టుగొమ్మ బెజవాడ. అచ్చటి రామమోహన గ్రంథాలయము 1911లో ఏర్పడెను. 1914వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన అయ్యంకి వేంకట రమణయ్యగారి పూనికచే ఆంధ్రదేశమునందలి గ్రంథాలయముల వారెల్ల ఆ నగరమున సభ కూడి సంఘముగా నేర్పడిరి. సభ కధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. వారికి చిన్ననాటనుండియు చూపు మందము. పరులచే చదివించుకొని, తాము చెప్పుచు వ్రాయించిన మహాకవి. చూపు చాలని పెద్ద గ్రంథాలయముల సభకు పెద్దయగుట నాకు మిక్కిలి సమంజసముగా తోచును. ఏలయన ఆనాటి గ్రామ గ్రంథాలయములకు వచ్చినవారిలో అక్షరము రానివారును పెక్కురు. ఒకడు పత్రిక చదువును, పదిమంది విందురు. విన్నవాడు పొలము గట్టున మరి పదిమందికి చెప్పును. మన పురాణ కాలక్షేప సంప్రదాయమే ఇచ్చట క్రొత్త విషయములతో కొనసాగెనని గ్రహింపవలెను. అయ్యంకివారు గ్రంథాలయ యాత్రలు నడపి గ్రామగ్రామమునకు తిరిగి ఈ పద్ధతిని వ్యాపింపజేసిరి.

గడప త్రొక్కుటకు తీరిక లేనివారి కొరకు గ్రంథాలయమే కదలివచ్చిన వింతయు మన దేశమున జరిగినది. 1935 అక్టోబరులో పాతూరి నాగభూషణముగారి కృషిచే కృష్ణా డెల్టా కాలువపై పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ పడవ గ్రంథాలయము ప్రారంభమయ్యెను. ఆ కాలమున డెల్టా గ్రామములకు పడవయే బండి. పడవవాండ్రు గట్టుపై నడచుచు త్రాడు లాగ, అది మెల్లగా సాగిపోవును. సంతకు పోవు రైతు, పుట్టింటికి పోవు ఆడుబిడ్డ, వ్యాజ్యెమునకు పోవు ముసలివాడు గంటలకొలది ఒకచోటనే కూర్చుండవలెను. చేతికి పనిలేదు, కాలికి నడకలేదు. పుస్తకము నందించుట కింతకంటె మంచి సమయ మేది? పడవ నెమ్మదియే ఆ గ్రంథాలయమునకు మేలయ్యెను. నేడు బస్సులోను రైలులోను మనకా నెమ్మది లేదు; ఉన్న కొంచెమును చేతిలోని ఫోను హరించుచున్నది.

నేతపనికి పేరుగన్న సీమలోని వేటపాలెమున 1918లో పుట్టిన సారస్వతనికేతనము కథ వేరు. 1929లో మహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. అచ్చటివారు చేసిన గొప్పపని యేమనగా, చదివి పారవేయదగిన వస్తువని లోకము తలచు పాత పత్రికలను సంపుటములుగా కట్టి భద్రపరచిరి. ఒకనాటి చిల్లర మాట నేటి చరిత్రాధార మయ్యెను. దూరదేశములనుండి పరిశోధకులు ఆ గ్రామమునకు వచ్చి, దినములకొలది కూర్చుండి, ఆ పుటలు త్రిప్పిరి. పట్టణమున దొరకని వస్తువునకై పండితుడు పల్లెకు పోవుట సామాన్యమా?

ఇక గ్రంథాలయపు పట్టీలకెక్కని చదువరుల మాట. మా తల్లిగారు నాలుగవ తరగతితో చదువు మానిరి. మా యూరి గ్రంథాలయములో ఆ దినములలో స్త్రీలు కూర్చుండు వాడుక లేదు. నేను బాలుడనై వారమున కొక పుస్తకము తెచ్చుచుంటిని. పట్టీలో నా పేరు. చదివినది మా తల్లిగారు. వంటయిల్లు కడిగిన పిదప దీపము దగ్గర కూర్చుండి, పెదవులు కదల్చుచు చదివెడివారు. ఇట్టి తల్లులు, అక్కలు ప్రతి యూరను ఉండిరి. మరియు, చావడిలోనో గుడి మండపములోనో గ్రంథాలయము నడచిన యూళ్లలో, ఆ మెట్లెక్కనియ్యక అంటరానివారని దూరముంచిన మనుష్యులును ఉండిరి. పుస్తకము వారిని వలదనలేదు, వలదన్నది మనమే. తలుపు తెరచితిమని చెప్పుకొనునప్పుడు ఈ మాటయు చెప్పవలెను.

తరువాత చట్టములు వచ్చెను. మదరాసు రాష్ట్రమున 1948లోను, హైదరాబాదు రాష్ట్రమున 1955లోను, ఆంధ్రప్రదేశమున 1960లోను గ్రంథాలయ శాసనములు జరిగెను. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయపు సెస్సును మనము చెల్లించుచున్నాము. దాతల దయపై నడచిన సంస్థ మన హక్కైనది. కాని ఆ సొమ్ము వసూలు చేసిన స్థానిక సంస్థలనుండి గ్రంథాలయములకు చేరుటలో జాప్యము కలుగుచున్నదని పత్రికలలో తరచు చదువుచున్నాము. దీనిని గూర్చి గ్రామసభలో నడిగినవారిని నేను చాల అరుదుగ చూచితిని. వీధిదీపము వెలుగకున్న అడుగుదుము. గ్రంథాలయపు తలుపు తెరువకున్న ఏల యడుగము?

పట్టణములందు నేడు గ్రంథాలయములకు వచ్చువారు ఎక్కువగా ఉద్యోగ పరీక్షలకు చదువు యువకులు. తమ పుస్తకములు తామే తెచ్చుకొని ఉదయమునుండి రాత్రివరకు కూర్చుందురు. ఇది గ్రంథాలయమా, సత్రమా యని నిరసించు పెద్దలను నే నెఱుగుదును. నే నట్లు తలపను. ఇరుకు గదిలో నలుగురితో నుండు పిల్లవానికి ఒక బల్ల, ఒక దీపము, నిశ్శబ్దము లభించుటయే భాగ్యము. 1901లో ఉర్దూ కచ్చేరీనుండి వచ్చి తెలుగు పత్రిక ముందు కూర్చున్న గుమాస్తాయు తనకు ఇంటను వీధిని దొరకని దానికొరకే వచ్చెను. అయినను ఆ యువకుని వెనుక నున్న బీరువా తాళము తీయకయే యున్నచో, అటుకపై తాటాకు కట్టకును దానికిని భేదమేమి?

పెద్దలారా! ఆ తాళము తీయించుట మన పని. మన యూరి గ్రంథాలయమునకు వారమున కొకమారైనను పోవుదము. పోవునప్పుడు మనుమని, మనుమరాలిని వెంటబెట్టుకొని పోవుదము. కన్ను మసకలైనవారు వారిచే చదివించుకొని విందురు గాక. వినుట మనకు క్రొత్త గాదు. సెస్సు లెక్క గ్రామసభలో నడుగుదము. ప్రతి సంవత్సరము నవంబరు 14నుండి 20వరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగును. ఆ వారమున పూలదండలు, ఉపన్యాసములు ఉండును. మిగిలిన వారములలో మనుష్యులు కావలెను.