కార్తెను బట్టి కారు

కృష్ణా జిల్లా అనగానే కాలువలు, వరిచేలు, కొబ్బరిచెట్లు మనసులో మెదులుతాయి. నందిగామ, జగ్గయ్యపేట ఆ లెక్కలోకి రావు. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ ప్రాంతం మెట్ట. నల్లరేగడి నేల, పత్తి, మిరప, అడుగున సున్నపురాయి, పక్కనే తెలంగాణ పొలిమేర. రెండు పట్టణాలకూ ప్రయాణికుల రైలు లేదు కాబట్టి విజయవాడకైనా, హైదరాబాదుకైనా రోడ్డే దిక్కు. అంబాసిడర్, ఫియట్ కార్లు ఈ రోడ్డు మీద తిరిగిన దశాబ్దాల చరిత్ర రాయాలంటే మోడళ్ళ కంటే ముందు కార్తెల సంగతి చూడాలి. ఆ రోజుల్లో ఇక్కడ కారు ప్రయాణం సుఖమా, కష్టమా అన్నది తేల్చింది ముఖ్యంగా వాతావరణమే. కారు వచ్చి ఎడ్లబండి నాటి ప్రయాణకాలాన్ని మార్చేసిందని మనం అనుకుంటాం. నిజానికి చాలాకాలం కారే ఆ కాలానికి లోబడి నడిచింది.

ముందు ఎండ సంగతి. అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్, తర్వాత పద్మినిగా పేరు మారిన ఫియట్ 1100కు మూలం ఇటలీ. రెండూ మనకంటే చల్లని దేశాల అవసరాలకు పుట్టిన యంత్రాలు. మే నెలలో నందిగామలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం వింత కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత ఈ మెట్టలో అక్షరాలా చెల్లుతుంది. ఆ కార్లలో పెట్రోలును కార్బురేటర్‌కు అందించే పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది. ఇంజను వేడికి బయటి వడగాలి తోడైతే పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతుంది. ఆవిరిని పంపు లాగలేదు, బండి ఉన్నచోటే ఆగిపోతుంది. పైగా ఇక్కడ రోడ్డు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగుతుంది, వేసవి గాడ్పు వీచేదీ పడమటి నుంచే. హైదరాబాదు నుంచి విజయవాడ వైపు వచ్చే కారుకు గాలి వెనక నుంచి తగులుతుంది కనుక రేడియేటర్‌కు ఎదురుగాలి తగ్గి నీళ్ళు త్వరగా మరుగుతాయి. డ్రైవర్లు దీనికి కనిపెట్టిన విరుగుడు పంపు మీద తడి గుడ్డ చుట్టడం, డిక్కీలో నీళ్ళ డబ్బా ఉంచుకోవడం. తడి గుడ్డ కూజా సూత్రంతో పనిచేస్తుంది: నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా చల్లబరుస్తుంది. ఉక్కపోతతో నిండిన బందరు గాలిలో కంటే జగ్గయ్యపేట పొడి గాలిలో ఈ చిట్కాకు బలం ఎక్కువ. బండిని ఆపిన వాతావరణమే దాన్ని కదిలించే ఉపాయాన్నీ ఇచ్చిందన్నమాట.

వానాకాలానిది మరో రకం పరీక్ష. డిస్ట్రిబ్యూటర్ క్యాప్‌లోకి చెమ్మ చేరితే ఇంజను తడబడుతుంది. నాలుగు చక్రాలకూ ఉన్న డ్రమ్ బ్రేకులు నీళ్ళలో నానితే పట్టు విడుస్తాయి. నీళ్ళు దాటాక పెడల్‌ను కాసేపు మెల్లగా తొక్కుతూ వెళ్ళి బ్రేకులు ఆరబెట్టుకోవాలి. రోడ్డు దిగితే రేగడి బురద చక్రాన్ని వదలదు. ఇక ఏళ్ళు: మున్నేరు, వైరా, పాలేరు, కట్టలేరు. ఎగువన ఖమ్మం వైపు వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే చప్టా మునిగిపోతుంది. ఇది గడిచిపోయిన సంగతేమీ కాదు. 2023 జులైలోనూ, 2024 సెప్టెంబరులోనూ మున్నేరు వరద ఐతవరం దగ్గర జాతీయ రహదారిని ముంచి, హైదరాబాదు–విజయవాడ రాకపోకల్ని ఆపేసింది.

ఎండా వానా పోగా మిగిలేది కార్తికం నుంచి మాఘం దాకా. పాత కారుకు ఈ మెట్టలో అసలైన రుతువు అదే. ఏళ్ళలో నీరు తగ్గుతుంది, దారి గట్టిపడుతుంది, ముందు తలుపుల మూలన ఉండే చిన్న అద్దం తెరిస్తే చాలినంత చల్లగాలి వస్తుంది. మున్నేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళ జరిగేది మాఘ పౌర్ణమికి; కృష్ణ ఒడ్డున వేదాద్రి నరసింహస్వామి దర్శనానికి జనం పోటెత్తేది కార్తికంలో. ఎడ్లకు ఎండ దెబ్బ తగలని, బండి చక్రం దిగబడని నెలలవి. కార్లు వచ్చాక కూడా వాటికి అనువైన నెలలు అవే అయ్యాయి. బ్రిటన్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ చలికాలంలో మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది ఇనుమును తినేస్తుంది. అందుకే చాలామంది పాత కార్లను ఆ నెలల్లో షెడ్డుల్లో దాచి, వేసవికి బయటికి తీస్తారు. మనకు షెడ్డు కావలసింది వేసవికి. మెట్టలో ఎండ రబ్బరును, రంగును పాడుచేస్తుంది గానీ, ఉప్పుగాలి లేకపోవడం రేకుకు మేలు.

సుఖాన్ని తేల్చింది వాతావరణం కాదు, రోడ్డు అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటకు బలమైన సాక్ష్యం ఈ ప్రాంతపు మనిషి చేసిన పనిలోనే ఉంది. 1952లో ఖోస్లా కమిటీ నందికొండ (నేటి నాగార్జునసాగర్) ఆనకట్ట స్థలాన్ని చూడడానికి దారి లేదన్న మాట వచ్చినప్పుడు, జగ్గయ్యపేట దగ్గరి ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గ్రామస్తులను కూడగట్టి కార్లు వెళ్ళేలా బాట వేయించారు. నాగార్జునసాగర్ చరిత్రలో అది మరువరాని ఘట్టం. రోడ్డు విలువ అంతటిది. కానీ తారు పడని ఆనాటి దారుల్లో, పుష్యంలో గట్టిగా ఉన్న బాటే శ్రావణంలో బురదగుంట అయ్యేది. దారి మంచిచెడులను నిర్ణయించిందీ రుతువే. ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది: పెళ్ళిళ్ళు ఎక్కువగా వైశాఖ జ్యేష్ఠాల్లోనే కదా, అద్దె కార్లు అప్పుడే కదా ఎక్కువ తిరిగేది? నిజమే. అయితే అవి అవసరపు ప్రయాణాలు. వాటినైనా పొద్దు పొడవకముందో, పొద్దు వాలాకో పెట్టుకుంటేనే నయం. కారు కొనగలిగినవారు కొద్దిమందే కాబట్టి ఇదంతా కలిగినవారి కథ అనడమూ సరికాదు. బండి యజమానిది కావచ్చు, దాన్ని ఏ కార్తెలో ఎలా నడపాలో తెలిసిన జ్ఞానం డ్రైవరుది, మెకానిక్‌ది.

ఇప్పుడు రోడ్డు నాలుగు వరుసలైంది, కార్లలో ఏసీ వచ్చింది, అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. అందువల్ల ఆ జ్ఞానంతో ఇక పని లేదనుకోవడం పొరపాటు. 50 ఏళ్ళు దాటిన వాహనాలను వింటేజ్‌గా గుర్తించి, వేరే రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలను 2021 జులైలో కేంద్రం తెచ్చింది. వాటిని రోజువారీ రాకపోకలకు వాడకూడదు, ప్రదర్శనలకు, ర్యాలీలకు తీయవచ్చు. అంటే పాత కారును ఏ రోజు బయటికి తీయాలో యజమానే ఎంచుకోవచ్చు. ఆ ఎంపికలో తయారీ సంస్థ పుస్తకం కంటే ఈ నేల మీద బండి నడిపినవారి మాటే ఎక్కువ పనికొస్తుంది. కాబట్టి మెట్టలో పాత కారు ఉన్నవారికి నా విన్నపం: రోహిణిలో దాన్ని నీడన ఉంచండి, కార్తికంలో వేదాద్రి దాకా నడపండి. అంతకంటే ముందు, మీ ఊళ్ళో మిగిలిన పాత డ్రైవర్లను, మెకానిక్‌లను కలిసి, వారు చెప్పేది రాసి పెట్టండి. బండికి విడిభాగాలు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, ఆ అనుభవం మాత్రం వారితోనే పోతుంది.