కణం కాలూనే ప్లాస్టిక్

జర్మన్ వైద్యుడు యూలియస్ రిచర్డ్ పెట్రీ 1887లో వర్ణించిన పళ్లెం గాజుది. గాజు మీద కణాలు బాగానే పెరుగుతాయి. కాకపోతే వాడిన ప్రతిసారీ కడగాలి, ఆవిరిలో శుద్ధి చెయ్యాలి. ఒకసారి వాడి పారేయడానికి 20వ శతాబ్దం మధ్యకల్లా చౌకైన పాలిస్టైరీన్ దొరికింది. అయితే దానికి నీరంటే గిట్టదు. జంతుకణాలు చాలావరకు దాని మీద పరుచుకోకుండా తామరాకు మీది నీటిబొట్టులా ముడుచుకుంటాయి.

ఇలాంటి చిక్కునే ప్యాకింగ్ పరిశ్రమ అప్పటికే ఎదుర్కొంది. ప్లాస్టిక్ కవర్ల మీద సిరా నిలిచేది కాదు. 1951లో డెన్మార్క్ ఇంజనీరు వెర్నర్ ఐస్బీ అధిక వోల్టేజి విద్యుత్తుతో గాలిని అయనీకరించి, దాన్ని ప్లాస్టిక్ మీద ప్రయోగించాడు. సిరా పట్టింది. పళ్లేలకూ ఇదే సూత్రం పనికొచ్చింది. 1960లలో ఇలా శుద్ధి చేసిన పాలిస్టైరీన్ పళ్లేలు మార్కెట్లోకి వచ్చాయి.

అయనీకరించిన వాయువుకు ప్లాస్మా అని 1928లో పేరు పెట్టినవాడు అమెరికన్ శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్. అందులోని ఎలక్ట్రాన్ల, అయాన్ల తాకిడికి ప్లాస్టిక్ పైపొరలో బంధాలు తెగి, అక్కడ ఆక్సిజన్ చేరుతుంది. హైడ్రాక్సిల్, కార్బొనిల్, కార్బాక్సిల్ సమూహాలు ఏర్పడతాయి. మార్పు లోతు కొద్ది నానోమీటర్లే. పళ్లెం ఆకారం, పారదర్శకత చెక్కుచెదరవు.

అసలు కథ ఇక్కడే ఉంది. సీరం కలిపిన ద్రావణంలో కణం నేరుగా ప్లాస్టిక్‌ను పట్టుకోదు. ముందే అక్కడ చేరిన ప్రొటీన్లను పట్టుకుంటుంది. శుద్ధి చెయ్యని ప్లాస్టిక్‌ను సీరంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఆక్రమిస్తుంది. ఫైబ్రోనెక్టిన్ అంటుకున్నా రూపు చెడుతుంది. ప్లాస్మా తగిలిన చోట ఫైబ్రోనెక్టిన్, విట్రోనెక్టిన్ కణానికి అందే భంగిమలో నిలుస్తాయి. ఫైబ్రోనెక్టిన్‌లో కణం పట్టుకునే కీలకమైన చోటు ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లాల వరుస అని 1984లో పియర్ష్‌బాకర్, రువోస్లాటి తేల్చారు. కణాలు అంటుకునేలా పళ్లేనికి పూతగా వేసే, ధనావేశమున్న పాలీలైసిన్ అనే పాలీపెప్టైడ్‌ది మరో దారి. రుణావేశమున్న కార్బాక్సిల్ సమూహాలు దాన్ని ఆకర్షిస్తాయి.

అలాగని ప్రొటీన్లు అంటుకోవడానికి ప్లాస్మా తప్పనిసరి కాదు. 1967లో ఆస్ట్రేలియాలో కాట్, ట్రెగియర్ ప్లాస్టిక్ గొట్టాల లోపలి గోడలకు యాంటీబాడీలను పట్టించి రక్తపరీక్షలకు కొత్త దారి వేశారు. మామూలు పాలిస్టైరీన్ కూడా యాంటీబాడీలను గట్టిగానే పట్టుకుంటుంది. ఎంత అంటుకుందన్నదొక్కటే కాదు, ఏ రూపంలో అంటుకుందన్నదీ ముఖ్యం.

ప్లాస్మా ప్రభావం కాలంతోపాటు కొంత తగ్గుతుంది. పైపొరలోని అణువుల గొలుసులు మెల్లగా లోపలికి తిరుగుతాయి. బాక్టీరియాకు వాడే, ప్లాస్మా తగలని పళ్లెం, కణాలకు వాడే పళ్లెం కంటికి ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి ప్రయోగానికి ముందు పళ్లెం ఏ రకమో, గడువు ఎప్పటివరకో లేబుల్ మీద చూసుకోవాలి.